పదో నంబరు సంచి

ప్రతి చుట్టరికంలోనూ ఒక సంచి ఉంటుంది. ఆ సంచిని పట్టుకుని వేలాడుతూ ఒక మనిషి ఉంటాడు. మా వైపు ఆయన నాకు బాబాయ్ వరస. అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉంది, ఆ కార్డు జిరాక్సులు నాలుగు సంచిలో ఉన్నాయి, కావాలంటే చూసుకోవచ్చు. మేం మాత్రం సంచి బాబాయ్ అనే అంటాం. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు. "సంచి ఉన్నోణ్ని సంచి అనక సూట్‌కేసు అంటారేటి?" అని నవ్వేస్తాడు.

విశాఖ పోర్టులో స్టోర్సు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం ఆయనకు రెండు జబ్బులు అంటించింది. ఏ మేకు ఏ అరలో ఉందో కాగితం మీద రాసి ఉండకపోతే అన్నం సహించకపోవడం ఒకటి. పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరికల మీద భక్తి రెండోది. ఆ హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటో నంబరంటే ఎక్కడో దూరాన సముద్రంలో వాయుగుండం పట్టిందని. మూడో నంబరంటే రేవులో ఈదురుగాలులు తగులుతాయని. పదో నంబరంటే తీవ్ర తుపాను ఈ రేవు మీదుగానో, దీని పక్కనుంచో తీరం దాటబోతోందని. పదకొండంటే అసలు హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని.

మా పిన్ని ఈ లెక్కనే సంసారంలోకి తెచ్చుకుంది. బాబాయ్ రైతుబజారుకు బయల్దేరితే ఒకటో నంబరు. గొడుగు, రెండు గుడ్డ సంచులు, చిల్లర. బ్యాంకుకైతే మూడో నంబరు. గమ్ము సీసా, స్టాంపు ప్యాడు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, రెండు పెన్నులు అదనం. రైలెక్కితే పదో నంబరు. దాని వివరాలు ఈ వ్యాసానికి పట్టవు. ఎప్పుడైనా ప్రాణం విసిగి "ఇవాళైనా ఆ సంచి లేకుండా రండి, మీకు దణ్ణం పెడతాను" అని ఆవిడ అంటే, ఆ తర్వాత రెండ్రోజులు ఇంట్లో ఎగిరేది పదకొండో నంబరు.

సంచి గురించి చెప్పాలి. అది కొన్న సంచి కాదు. అంటే, కొన్నదే, పూర్ణా మార్కెట్లో, ఖాకీ కాన్వాసుది. కానీ ఆ కొన్న సంచి ఇప్పుడు ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. కాంప్లెక్స్ దగ్గర బ్యాగులు కుట్టే ఆయనొకడున్నాడు. బాబాయ్ కనిపించగానే ముందు టీ చెబుతాడు, ఎందుకంటే ఇది తొందరగా తెమిలే బేరం కాదని ఆయనకు తెలుసు. మొదట పట్టీ మారింది. కొన్నప్పటి పట్టీ సన్నది, భుజం కోసేస్తోందని తీయించేసి పాత కార్ల సామాను కొట్లోంచి సీటు బెల్టు తెచ్చి వేయించాడు. తర్వాత జిప్పులకు ఇత్తడి రన్నర్లు పడ్డాయి. అడుగున రెగ్జిన్ ముక్క కుట్టించాడు, రైల్వే ప్లాట్‌ఫారం తడి లోపలికి రాకుండా. లోపలి జేబులు మా తమ్ముడి చిరిగిన జీన్సు ప్యాంటువి. కోసి తెచ్చి, లోపల వరసగా వేయించాడు. ఒక ప్యాంటుకు నాలుగైదు జేబులుంటాయనీ, జనం అవన్నీ పాతసామాన్ల వాడికి పోస్తారనీ ఆయనకు తీరని బాధ.

జిప్పు రన్నర్లకు దారాలు కట్టి ఉంటాయి. మందుల అరకు ఎర్రది, కాగితాల అరకు పచ్చది, పనిముట్లకు నీలం. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. కానీ కరెంటు పోతే చీకట్లో రంగు తెలీదు కదా! అందుకని ఎర్రదారానికి ఒక ముడి, పచ్చదానికి రెండు, నీలానికి మూడు. కళ్లు మూసుకుని ముడి తడిమి జండూబామ్ తీస్తాడు. ఒకసారి నా ముందే తీసి చూపించాడు. చెయ్యి పెట్టిన చోట బామే వచ్చింది. ఇంత చిన్న విషయానికి చప్పట్లు కొట్టాలనిపించడం నాకే వింతగా అనిపించింది.

సర్దడంలోనూ ఆయన పద్ధతి ఆయనదే. నీళ్ల సీసా ఎప్పుడూ బయటి జేబులో, నిటారుగా. లోపల పెడితే మూత వదులై జిరాక్సులు తడుస్తాయి. బరువైనవి నడుముకు ఆనే వైపు, తేలికవి బయటి వైపు. పాల ప్యాకెట్ కవర్లు కడిగి ఆరబెట్టి దాస్తాడు. కాగితాలు, అగ్గిపెట్టె, టార్చి బ్యాటరీలు వాటిలోనే ఉంటాయి. కొవ్వొత్తి మైనంతో అంచులు అంటించి మరీ పెడతాడు. సూదీ దారం, బొత్తాలు పాత కళ్లజోడు పెట్టెలో. ఉప్పూ కారం వెనకటి ఫిల్ము రోలు డబ్బాల్లో, మూత బిగుతుగా ఉంటుందని. రబ్బరు బ్యాండ్లు కొనడు. సైకిలు ట్యూబు రింగులుగా కోసుకుంటాడు. "కొన్నవి ఎండకి అంటుకుపోయి తెగిపోతాయి రా. ఇది చూడు" అని సాగదీసి నా చేతికి ఒకటి తగిలిస్తాడు. చురుక్కుమంటుంది.

కాగితాల అరలో ఒక వింత ఉంది. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ఇచ్చిన ప్రకటన ప్రతి. పది రూపాయల నాణేలు 14 రకాల నమూనాల్లో వచ్చాయి, అన్నీ చెల్లుతాయి అని దాని సారాంశం. మన ఊళ్లలో పది నాణెం ఇస్తే కొట్టువాళ్లు ఎలా చూస్తారో మీకు తెలుసు. బాబాయ్ ఆ నాణేలే వెతికి మరీ పోగేస్తాడు. సోడా తాగి నాణెం ఇస్తాడు. "ఇవి చెల్లవండీ" అనగానే ఆయన మొహం వెలిగిపోతుంది. పచ్చదారం, రెండు ముడులు, కాగితం బయటికొస్తుంది. సోడా బండి ఆయన ఆ ఇంగ్లిషు కాగితం చూసి, బాబాయ్‌ని చూసి, "మీరు డబ్బులివ్వకపోయినా పర్లేదండీ, వెళ్లండి" అన్నాడు. అది గెలుపు కిందికి వస్తుందో రాదో ఇప్పటికీ తేలలేదు.

బ్యాంకులో మాత్రం ఆయనదే రాజ్యం. వోచరు పట్టుకుని "పెన్నుందాండీ?" అని వచ్చేవాళ్లు ఆయన కుర్చీ చుట్టూనే తిరుగుతుంటారు. ఆయన పెన్ను ఇస్తాడు, మూత ఇవ్వడు. మూత జేబులో పెట్టుకుని, పెన్ను ఏ కౌంటరు వైపు పోతోందో కళ్లతో కాపలా కాస్తాడు. రెవెన్యూ స్టాంపులూ ఉంటాయి ఆయన దగ్గర. అయిదు వేలు దాటిన నగదు రసీదుకు రూపాయి స్టాంపు అంటించాలని ఈ కాలం పిల్లలకు ఎవరు చెబుతారు? ఆఫీసులో ఇంటద్దె రసీదులు ఇమ్మనే వేళకు మా బంధువుల్లో ఉద్యోగస్తులంతా ఆయనకు హఠాత్తుగా ఫోన్లు చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు.

నవ్వుతున్నాం గానీ, ఈ సంచికి మా కుటుంబంలో హోదా వచ్చిన రోజు ఒకటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా తీరం దాటిన రోజు. చెట్లు, స్తంభాలు పడ్డాయి, కరెంటు పోయింది, సెల్లులు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు. అప్పటిదాకా బాబాయ్‌ని చూసి వీధి మళ్లిపోయే వాళ్లంతా సాయంత్రానికి ఆయన అరుగు మీదున్నారు. ఫోన్లు చచ్చిపోయాక ఒక్కడికీ సొంత అన్న నంబరు కూడా నోటికి రాలేదు. బాబాయ్ దగ్గర కాగితం మీద రాసి పాలకవర్లో పెట్టిన నంబర్లున్నాయి. టార్చి ఉంది. పది, ఇరవై నోట్ల కట్టలున్నాయి. ఆ కట్టల్లోంచి పాలకనీ, కొవ్వొత్తులకనీ అప్పులిచ్చాడు, పేరూ మొత్తమూ రాసుకుని. అందరూ తీర్చేశారట. ఒక్కాయన మాత్రం ఇంకా ఇరవై రూపాయలు బాకీ. ఆయన పేరు నేను చెప్పను, బాబాయ్ చెబుతాడు, ఎవరడిగినా.

ఆ తుపాను మేలు చేసిందా కీడు చేసిందా అంటే, పిన్ని దృష్టిలో కీడే. అప్పటిదాకా సంచి రెండు కిలోలు. తర్వాత కిరాణా కొట్లో కాటా మీద పెడితే ఆరు దాటింది. ఆయన చొక్కాలన్నిటికీ కాలరు కంటే ముందు ఎడమ భుజం చిరుగుతుంది. టైలరు ముందే లోపల ఒక పట్టీ వేసి కుడుతున్నాడు. "పోతే?" అన్నది ఆయన ఊతపదం. కరెంటు పోతే? తాళంచెవి పోతే? చెప్పు తెగిపోతే? ఒకసారి విసుగొచ్చి "మీరే పోతే?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. బయటి జేబులోంచి లామినేషన్ చేయించిన కార్డు తీసి చూపించాడు. బ్లడ్ గ్రూపు, షుగరు మందు పేరు, పిన్ని నంబరు, నా నంబరు. నా నంబరు ముందుంది. "దానికి ఏడుపొస్తది, నువ్వైతే ఆటో మాట్లాడతావు" అన్నాడు.

నెలకో ఆదివారం సంచి ఖాళీ చేస్తాడు. హాల్లో పేపరు పరిచి, వస్తువులన్నీ వరసపెట్టి, కళ్లజోడు ముక్కు చివరికి దించి మందుల తేదీలు చూస్తాడు. ఆ రోజు వాళ్లింటికి వెళ్లకూడదు. "ఒరేయ్, ఈ నెలాఖరుకి డేటయిపోతన్న ఈనో ఒకటుంది, గ్యాసేమైనా ఉందా?" అంటాడు. లేదంటే పారాసిటమాల్ చూపిస్తాడు. ఒళ్లు వెచ్చగా ఉన్నట్టుందే అని నుదుటి మీద చెయ్యి వేస్తాడు. ఓఆర్ఎస్ ప్యాకెట్ల గడువు ముగియబోయే నెల, లీటరు నీళ్లల్లో ఒకటి చొప్పున కలిపి, వీధి ఊడ్చే వాళ్లకీ కొరియర్ కుర్రాడికీ గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. మే నెల కాబట్టి పుణ్యం కిందికి వచ్చింది.

కూతురు దగ్గరికి డల్లాస్ వెళ్లినప్పుడు ఈ సంచి ఏమవుతుందోనని మేమంతా ఆత్రంగా ఎదురుచూశాం. సెక్యూరిటీ దగ్గర పెద్ద రగడ అవుతుందనుకున్నాం. ఏమీ కాలేదు. విమానంలో ఏది చేతిలో ఉండొచ్చో, ఏది పెట్టెలో వేయాలో ముందే ప్రింటు తీసుకున్నాడు. పవర్ బ్యాంకు పెట్టెలో వేయకూడదు, చేతి సంచిలోనే. అగ్గిపెట్టె రెండిట్లోనూ కుదరదు. కత్తెర, స్క్రూడ్రైవరు పెద్ద పెట్టెలోకి. వంద మిల్లీలీటర్లు దాటిన సీసాలూ అందులోకే. అన్నీ రూలు ప్రకారం తీసేసరికి సంచి చదునైపోయింది. అంత దూరమూ ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చున్నాడట. డల్లాస్‌లో బెల్టు మీద పెట్టె రావడంతోనే పక్కకు లాగి, నేల మీద కూలబడి, తాళం తీసి, పనిముట్లన్నీ ఒక్కొక్కటే సంచిలోకి సర్దడం మొదలుపెట్టాడు. బయట మూడేళ్లుగా చూడని కూతురు ఎదురుచూస్తోంది. "రెండు నిమిషాలే గదా" అంటాడు. పిన్ని ముప్పావుగంట అంటుంది.

అక్కడ ఉన్నన్నాళ్లూ సంచి అవసరం ఒక్కసారి కూడా పడలేదట. కరెంటు పోదు, చిల్లర అడగరు, జిరాక్సు అడగరు. వచ్చాక అమెరికా ఎలా ఉందంటే పెదవి విరిచేశాడు.

ఇదే జబ్బు ఈమధ్య గచ్చిబౌలిలో ఖరీదుగా పుట్టింది. మా తమ్ముడు దాన్ని ఎవ్రీడే క్యారీ అంటాడు. నల్లటి సంచి, నిండా పట్టీలు, కొక్కేలు, మిలటరీ వాళ్లదిలా ఉంటుంది. లోపల స్విస్ కత్తి, గీస్తే నిప్పులు రాలే కడ్డీ, వాన తగిలినా రాసే నోటుబుక్కు. వీధి చివర అర్ధరాత్రి బిర్యానీ దొరికే చోట ఆ కడ్డీతో నిప్పు చేసి వీడు ఏం వండుకుంటాడో నాకు తెలీదు. వస్తువులన్నీ బల్ల మీద కొలతపెట్టి అమర్చి ఫొటో తీస్తాడు. వాడు వాటిని సంచిలోంచి తీసేది ఫొటోకే.

సంక్రాంతికి రెండు సంచులూ ఒక ఇంట్లో కలిశాయి. భోగి మంటకు తెచ్చిన కర్ర పేడు మా అక్క కొడుకు వేలికి గుచ్చుకుంది. బాబాయ్ ఎర్రదారం లాగి, పిన్నీసు తీసి, కొవ్వొత్తి వెలిగించి కాల్చడం మొదలుపెట్టాడు. నిప్పు చూడగానే పిల్లాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఈలోగా తమ్ముడు స్విస్ కత్తి పిడిలోంచి బుల్లి పట్టకారు లాగి, పేడు పట్టుకుని, చటుక్కున పీకేశాడు. బాబాయ్ కొవ్వొత్తి ఆర్పాడు. ఆ పట్టకారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ధర అడిగాడు. ధర విని తిరిగిచ్చేశాడు. పండగ వెళ్లిన వారానికి ఫ్యాన్సీ షాపులో కనుబొమలు తీర్చుకునే పట్టకారు ఒకటి ఇరవై రూపాయలకు కొని, ఎర్ర అరలో చేర్చి, మూత లోపల అంటించిన జాబితాలో రాసుకున్నాడు.

నా మాట నేను చెబుతాను. ఆ ఆరు కిలోల్లో ఆయన సొంతానికి పనికొచ్చేది కిలో ఉండదు. పిన్ని చేతిలో బుల్లి పర్సు మాత్రమే ఎందుకుంటుంది? ఆవిడ కళ్లజోడు, దువ్వెన, గుడి ప్రసాదం ఈ సంచిలో ఉన్నాయి గనక. పెళ్లికెళ్తే మేమంతా చేతులూపుకుంటూ వెళ్తాం, "బాబాయ్, ఇది కాస్త మీ సంచిలో పడేయండి" అంటూ. సగం తిన్న వేరుశనక్కాయల పొట్లం, చంటిదాని తడిసిన గౌను, ఎవరిదో చార్జరు. పంతులుగారు కూడా నేరుగా ఆయన వైపే చూస్తారు, కర్పూరం వెలిగించాలంటే. మండపం నిండా జనం, ఒక్కరి దగ్గర అగ్గిపెట్టె ఉండదు. అందుకని మేం తయారుగా ఉండనక్కర్లేదు. మా బదులు ఆయన ఉంటాడు. వెనక నవ్వుకోవడం మా వంతు.

మీ చుట్టాల్లోనూ ఒక సంచి బాబాయ్ ఉండే ఉంటాడు. ఆయన్ని మార్చాలని చూడకండి, మారడు. రేపు ఏ ఫంక్షన్ హాల్లోనో చీర కుచ్చిళ్లకని ఆయన దగ్గర పిన్నీసు తీసుకుంటే, పని కాగానే తిరిగి ఇచ్చేయండి. రూపాయి వస్తువే కదా అనుకోవద్దు. నెలాఖరు లెక్కలో ఒకటి తగ్గితే ఆయన నిద్రపోడు, పిన్నిని నిద్రపోనివ్వడు, మర్నాడు పొద్దున్నే మీకు ఫోన్ చేస్తాడు.