అల్నికో అల్లుడుగారు

గిటారు వాయించేవాళ్లు వేరు, గిటారు విప్పేవాళ్లు వేరు. మా బావ రెండో జాతి. కూకట్‌పల్లి ఫ్లాట్లో ఆయనకి మూడు ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి. మూడింటికీ ఒకేసారి తీగలుండగా చూసినవాళ్లు మా వంశంలో లేరు. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి డైనింగ్ టేబుల్ మీద వెల్లకిలా పడుకుని, పొట్ట తెరుచుకుని ఉంటుంది. పక్కన సాల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్, మా అక్క అక్కణ్ణుంచి తీయడం మానేసిన ఆవకాయ జాడీ.

ఈ జాతికి కంపెనీవాడు పెట్టిన అయస్కాంతం మీద నమ్మకం ఉండదు. తీగల కింద కనిపించే చిన్న పెట్టెని పికప్ అంటారు. లోపల అయస్కాంతం, దాంతోపాటు వెంట్రుక మందాన రాగితీగ కొన్ని వేల చుట్లు. పైన ఉక్కుతీగ అదిరితే అయస్కాంత క్షేత్రం కదిలి, రాగిచుట్టలో కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి పక్క ఫ్లాట్లకి పంచుతుంది. ఇంటర్‌లో ఫారడేని ఛాయిస్‌లో వదిలేసిన బావ, ఆ బాకీ ఇప్పుడు వడ్డీతో సహా తీరుస్తున్నాడు.

"ఎలా ఉన్నారు బావా?" అంటే, "ఐదు పీకేసి రెండు పెట్టా" అంటాడు. పళ్ల గురించి కాదు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపి పోతపోసిన అల్నికో అయస్కాంతాలకి నంబర్లుంటాయి. రెండో నంబరు మెత్తన, ఐదు గట్టి, సిరామిక్ అయితే మరీ కరుకు అని ఈ జాతి సిద్ధాంతం. పెట్టాక ఒకే ఒక్క E కార్డు వాయిస్తాడు. పాట ఉండదు. కళ్లు మూసుకుని, "తేడా తెలుస్తోందా?" అంటాడు. తెలియడం లేదంటే మన చెవికి ఇంకా ఉపనయనం కాలేదని అర్థం. తెలుస్తోందంటే మరీ ప్రమాదం, "ఏం తేడా?" అంటూ వైవా మొదలవుతుంది.

తేడా లేదని నేననను. ఉంది. కాకపోతే అయస్కాంతం మార్చాలంటే తీగలు వదులు చేయాలి. చేసినవాడు ఊరుకోకుండా కొత్త తీగలు కూడా వేస్తాడు. కొత్త తీగలు ఏ గిటారు మీదైనా గణగణలాడతాయి. ఆ ఘనత అయస్కాంతం ఖాతాలో పడుతుంది.

ఆయన పురాణంలో కృతయుగం 1957. హమ్ రాకుండా రెండు చుట్టలు జోడించిన పికప్‌కి గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. పేటెంట్ వచ్చింది 1959లో. ఈలోగా, 1957 నుంచి, "దరఖాస్తు చేశాం" అన్న స్టిక్కరుతో అమ్మిన పికప్‌లంటే ఈనాటికీ కోట్లున్నవాళ్లు కొట్టుకుంటారు. వాటిలో ఏ అల్నికో వాడారయ్యా అంటే, రెండు, మూడు, నాలుగు, ఐదు అన్నీ కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో ఆ పూట చేతికందింది పెట్టారు. బావ దాన్ని దైవసంకల్పం అంటాడు.

ఇంట్లో మడి, ఆచారం కూడా ఉన్నాయి. అల్నికో ముక్కల్ని సజాతి ధ్రువాలు ఎదురెదురుగా పెట్టి నొక్కకూడదు, బలం పోతుంది. సిరామిక్‌ని కింద పడేయకూడదు, పెచ్చులూడుతుంది. పికప్ దాపుల్లోకి ఇనుప పీచు రాకూడదు, ఆ పొడి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. అన్నీ నిజమే. ఇన్ని తెలిసినవాడు కూడా ఓసారి పాతరకం సింగిల్ కాయిల్ పికప్ లోంచి అయస్కాంతపు కడ్డీని సుత్తితో కిందికి దించబోయాడు. అలాంటివాటిలో రాగితీగని నేరుగా కడ్డీల మీదే చుడతారు. లోపల ఎక్కడో టుక్కుమంది. పికప్ పోయింది. బావ ఆ పూట భోజనం చేయలేదు.

మరో ఆదివారం ఎదురింటి కుర్రాడొచ్చి, పికప్‌కి అటూ ఇటూ ఉన్న స్క్రూలు కాస్త తిప్పి దాన్ని కిందికి దించాడు. అయస్కాంతం మరీ దగ్గరుంటే తీగని లాగుతుంది, స్వరం వంకరపోతుంది. దించేసరికి ఆ వంకర మాయం. తేడా మా అక్కకి కూడా వినిపించింది, వంటింట్లోంచి. బావ మాత్రం ముఖం ముడుచుకున్నాడు. స్క్రూ తిప్పడానికి ఖర్చు లేదు. పార్శిల్ రాదు. ఆఫీసులో చెప్పుకోవడానికేముంది?

ఇక దిక్సూచి సంగతి. అయస్కాంతం పెట్టేముందు దాని ధ్రువాలు గుర్తు పెట్టుకోవాలి. మా నాన్నగారు వాస్తు దిక్సూచి జేబులో లేనిదే గడప దాటరు. ఆయన నిద్రపోతుండగా బావ దాన్ని తీసి, నియోడైమియం ముక్క పక్కన పెట్టి మర్చిపోయాడు. అంత బలమైన అయస్కాంతం దగ్గర చిన్న సూది ధ్రువాలు తారుమారవడానికి ఎంతోసేపు పట్టదు.

మర్నాడు పొద్దున్నే నాన్నగారు చుట్టాల కొత్త ఫ్లాటు చూడ్డానికి వెళ్లారు. దేవుడి గది ఈశాన్యంలో ఉందని బిల్డరు, నైరుతిలో ఉందని నాన్నగారు. ఆఖరికి బిల్డరు బాల్కనీలోకి తీసుకెళ్లి సూర్యుణ్ణి చూపించాడు. నాన్నగారు ఒకసారి సూర్యుణ్ణి, ఒకసారి దిక్సూచిని చూసి, చాలాసేపు దిక్సూచినే నమ్మారు.

ఇంటికొచ్చి, "అల్లుడుగారూ, దీన్నేం చేశారు?" అన్నారు.

"కంగారేం లేదు మావయ్యగారూ, ధ్రువం తిరగబడింది. పీటర్ గ్రీన్ గిటారుకీ ఇంతే. మెడవైపు పికప్‌లో అయస్కాంతం తిరగేసి ఉంది. రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే ముక్కుతో పాడినట్టు వింత శబ్దం. దానికి లోకమంతా చెవులు కోసుకుంది."

"ఎక్కడివాడాయన?"

"లండన్ అండీ."

"ఆ గిటారు ఆయన దగ్గరే ఉండిపోయిందా?"

"లేదండీ, గ్యారీ మూర్‌కి అమ్మేశాడు. ఆయనా అమ్మేసుకున్నాడు. అటు తిరిగి ఇటు తిరిగి కిర్క్ హామెట్ చేతికి చేరింది."

"మరి చెప్పరేం! నైరుతి దోషం ఉన్న వస్తువు ఒక ఇంట నిలుస్తుందటండీ?"