చెదపురుగుకు నోటీసు అందలేదు

గోదావరి జిల్లాల్లో పాత ఊళ్లు తిరగండి. నాలుగు వైపులా చూరు దిగిన మండువా లోగిలి ఒకటైనా తగులుతుంది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు, గోడలో రావిమొక్క. ఎవరిదండీ అంటే "కోర్టులో ఉంది" అంటారు.

కోర్టు ఏమంది? ఆస్తిని యథాతథ స్థితిలో ఉంచమంది. ఉభయ పక్షాలూ తలవంచాయి. చెదపురుగు మాత్రం వంచలేదు, దానికి నోటీసు అందలేదు కాబట్టి. దావాలో అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ చేర్చారు, పోయిన తమ్ముడి పసిపిల్లలనూ వదల్లేదు. నైరుతి రుతుపవనాన్ని చేర్చడం మాత్రం ప్లీడరుగారు మరిచారు. అందుకే అది ఏటా జూన్‌లో దర్జాగా వస్తుంది, పగిలిన పెంకు సందున దిగుతుంది, తాటి దూలాన్ని నానబెట్టి పోతుంది. దాన్నెవరూ ఉత్తర్వు ఉల్లంఘన అనరు. ఊళ్లో ఉన్న పెద్దకొడుకు నిచ్చెనేసి నాలుగు పెంకులు మార్చాడా, అప్పుడు ఉల్లంఘన!

అతగాడి మనసులో ఏముందో తోబుట్టువులకు తెలుసు మరి. ఇవాళ పెంకులంటాడు, రేపు సున్నమంటాడు, ఎల్లుండి "ఇల్లు నిలబెట్టింది నేనే, నా వాటా పెంచండి" అంటాడు. అందుకని ఇల్లు పడినా ఫర్వాలేదు, వాడు నిలబెట్టకూడదు. డాలస్ తమ్ముడు వాట్సాప్‌లో కారుతున్న వంటింటి ఫొటో చూసి ఏడుపు బొమ్మ పెడతాడు. తాపీమేస్త్రీ కూలిలో వాటా అడగండి, గ్రూపంతా మౌనవ్రతం. పోనీ సంతకమైనా పెట్టమంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో పవరాఫ్ అటార్నీ రాయించి పంపాలి, ఇక్కడికొచ్చాక మూడు నెలల్లోగా స్టాంపు పడాలి. ఈలోగా వంటింటి కప్పు నేల దిగుతుంది.

హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి అన్న తంటా చాలాకాలం ప్రధానంగా కలకత్తా, బొంబాయి, మద్రాసు వాళ్లది, మనకు లేదు. లేదని ఊరుకుంటామా? ఆ సంతకం నాన్నది కాదంటాం, నాన్నకు చివర్లో మతి లేదంటాం. అదే మతిని నమ్ముకుని కాలేజీ ఫీజులు కట్టించుకున్నవాళ్లం.

ఆడపిల్లల సంగతి ఇంకా ముచ్చట. హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మగ వారసులు తమంతట తాము పంచుకుంటే తప్ప కూతురు వాటా విడదీయమని అడగకూడదు. అదీ 1956 నాటి ఉదారత. 2005 సెప్టెంబర్ 9న ఆ సెక్షన్ పోయింది. అన్నదమ్ములకు ఇంటి మీద ప్రేమ పోయింది కూడా అప్పటినుంచే. అంతకుముందు "మన ఇల్లు" అన్నవాళ్లకు ఇప్పుడది "వివాదంలో ఉన్న ఆస్తి".

నిజానికి కప్పు వేసుకోవద్దని చట్టం అనలేదు. అత్యవసర మరమ్మతుకు అదే కోర్టులో మధ్యంతర దరఖాస్తు వేసుకోవచ్చు. అడ్వొకేట్ కమిషనర్‌ను పంపించి ఇంటి స్థితి రాయించవచ్చు. రసీదులుంచుకుని, న్యాయమైన ఖర్చును తుది పంపకంలో లెక్కగట్టమని అడగవచ్చు. అడుగుతారు కూడా. అవతలివాళ్లు కౌంటరుకు గడువు కోరతారు. దసరా సెలవులొస్తాయి, సంక్రాంతి వస్తుంది. ప్రాథమిక డిక్రీ వచ్చి తుది డిక్రీకి ఎదురుచూసే వేళకు కమిషనర్ టేపుతో కొలవడానికి గోడలే మిగలవు.

అసలు గుట్టు అక్కడుంది. ఆ ఇల్లు ఎవరికీ అక్కర్లేదు, కింద ఉన్న గజాలు కావాలి. తాత కట్టిన లోగిలి కూలగొట్టించాడన్న అపవాదు మోయడం ఎవరికీ ఇష్టం లేదు, జేసీబీకి అద్దె కట్టడం అంతకన్నా ఇష్టం లేదు. వాయిదాలకు వదిలేస్తే వాన ఆ పని ఊరికే చేసిపెడుతుంది. విభజించడానికి వీలులేని ఆస్తిని అమ్మి డబ్బు పంచమనడానికి 1893 నాటి పార్టిషన్ యాక్ట్ ఉండనే ఉంది.

మీ ఇంటి మీద ఇలాంటి దావా నడుస్తోందా? వచ్చే వాయిదాకు ఒక ఉమ్మడి మెమో రాయించండి: కప్పు మరమ్మతు మాత్రమే, ఖర్చు ఎవరి వాటా ప్రకారం వాళ్లది, దీనివల్ల ఎవరి హక్కూ పెరగదు, తరగదు. సంతకానికి అందరికీ పంపండి. పెట్టనివాడు ఇల్లు కూలాలనే కోరుకుంటున్నాడు. ఈసారి అమ్మానాన్నల తద్దినానికొచ్చి ఆ అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటే, ఆ మాట అతని మొహం మీదే అడగండి.