అరవయ్యో నిమిషపు ధర్మసందేహాలు

జట్టు ఓడిన రాత్రి ఫుట్‌బాల్ అభిమాని త్వరగానే నిద్రపోతాడు. గెలిచిన రాత్రే అతని ఇంటివారికి, పక్కింటివారికి, కుర్చీలు బోర్లించి ఇంటికి పోదామని ఎదురుచూసే ఇరానీ హోటల్ సర్వరుకు జాగరణ తప్పదు. ఓటమికి కారణం వెదకడం పావుగంట పని; రిఫరీ అనే రెడీమేడ్ సమాధానం మెడలో ఈల వేసుకుని మైదానంలోనే నిలబడి ఉంటుంది. గెలుపులో దోషం పట్టాలంటే మాత్రం పాండిత్యం కావాలి, ఆ పాండిత్యం అభిమానుల వద్ద అవసరానికి మించి పేరుకుపోయి ఉండడమే వినేవారి చెవులకు పట్టిన పీడ.

ఈ పాండిత్యానికంతటికీ ఆధారం ఒకే ఒక్క సూత్రం: ‘అయిదు నిమిషాల ముందు దింపి ఉంటే ఇంకో గోల్ పడేది.’ ఇక్కడ దింపడమంటే సబ్‌స్టిట్యూషన్, అనగా ఆడుతున్నవాణ్ణి బయటికి పిలిచి, అంతవరకు బెంచి మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నవాణ్ణి లోపలికి పంపడం. అరవయ్యో నిమిషంలో పంపితే యాభై అయిదులో ఎందుకు పంపలేదని, యాభై అయిదులో పంపితే విరామంలోనే ఎందుకు మార్చలేదని, విరామంలోనే మారిస్తే మొదటి పదకొండుమందిలో ఎందుకు లేడని, మొదటి నుంచీ ఆడిస్తే అరవయ్యో నిమిషంలో ఎందుకు తీయలేదని, ఈ తర్కం గానుగెద్దులా తిరిగి బయల్దేరిన చోటికే చేరుతుంది. గానుగెద్దు తిరిగితే కనీసం నూనె అయినా దిగుతుంది.

సూత్రానికి తోడుగా వాడే మరో పారిభాషిక పదం ‘ఫామ్’. ఆటగాడు కొంతకాలంగా ఎలా ఆడుతున్నాడో తెలిపే మాటగా దానిని నిర్వచించవచ్చు గాని, వాడుకలో అది గ్రహచారానికి పర్యాయపదం. ఏలినాటి శని పట్టినా ఏడున్నరేళ్ళు నిలకడగా ఉంటుంది. ఫామ్ అటువంటిది కాదు, ఒకే మ్యాచ్‌లో ఒక పాస్ గురి తప్పగానే పోయి, తరువాతి పాస్ కుదరగానే తిరిగి వస్తుంది.

ఇన్ని ధర్మసందేహాలకు చోటిచ్చింది నియమాలే. ఇంగ్లండ్ లీగులో ఆటగాణ్ణి మార్చే వీలు 1965లోగాని రాలేదు, అదీ గాయపడినవాడికి బదులుగా ఒక్కణ్ణే. ప్రపంచకప్పులో ఇద్దరిని మార్చే అవకాశం 1970లో మొదలై, తరువాత మూడుకు పెరిగింది; ఆట నియమాలలో ఆ సంఖ్య 2020లో కరోనా పుణ్యమా అని అయిదుకు చేరింది. మాస్కులు పోయాయి, శానిటైజర్ సీసాలు పోయాయి, అయిదుగురి మార్పు మాత్రం 2022లో శాశ్వతమై కూర్చుంది. ఆటగాళ్ళ ఊపిరితిత్తులకు విశ్రాంతినివ్వడానికి పుట్టిన నియమం అభిమానుల ఊపిరితిత్తులకు పని పెంచింది.

బయటికి పిలిపించుకున్న ఆటగాడి నడకను గురించి ఇక్కడ కొంత వివరించవలసి ఉంది, ఎందుకంటే గెలుపు తరువాతి చర్చలో సగం రాత్రి దానికే ఖర్చవుతుంది. నాలుగో రిఫరీ పలక ఎత్తుతాడు. పోవలసినవాడి నంబరు అందులో ఎర్రగా, రావలసినవాడిది ఆకుపచ్చగా వెలుగుతుంది. జట్టు వెనుకబడి ఉంటే పోవలసినవాడు దొంగను తరిమినట్టు పరుగెడతాడు. జట్టు ముందంజలో ఉంటే అతనికి తెలుగింటి చుట్టం లక్షణాలన్నీ ఆవహిస్తాయి: ‘ఇక వెళ్ళొస్తాం’ అని లేచిన చుట్టం గడప దగ్గర అరగంట, గేటు దగ్గర ముప్పావుగంట నిలబడినట్టే, ఇతడు మేజోళ్ళు సవరించుకుంటాడు, నాలుగు గ్యాలరీలకూ విడివిడిగా చప్పట్లు కొడతాడు, రిఫరీతో కరచాలనం చేస్తాడు, కెప్టెన్ పట్టీని పిత్రార్జితం పంచినట్టు తోటివాడి చేతికి కడతాడు. ఈ కాలహరణాన్ని అరికట్టాలని 2019లో నియమం మార్చి, దగ్గరలోని గీత ఏదైతే అక్కడినుంచే బయటికి పొమ్మన్నారు. ఫలితంగా అతడిప్పుడు ప్రత్యర్థి అభిమానుల తిట్లు వింటూ మైదానానికి ప్రదక్షిణం చేసి బెంచి చేరుతున్నాడు. చేరాక పరిశోధన మొదలవుతుంది: కోచ్ చేయి పట్టుకున్నాడా, పట్టుకుంటే కళ్ళలోకి చూశాడా, చూడకుంటే అది అలుకా అలసటా, నీళ్ళసీసాను కిందపెట్టాడా విసిరాడా, విసిరితే మూత ఉందా లేదా. మూత విషయంలో పండితులు రెండు వర్గాలుగా చీలిన రాత్రులున్నాయి. నడకే నిరాకరించిన ఉదాహరణ ఒకటి ప్రసిద్ధం: 2019 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ లీగ్ కప్ ఫైనల్లో చెల్సీ గోల్‌కీపర్ కెపా తన నంబరు వెలిగినా గోల్ వదిలి రాలేదు, గీత బయట కోచ్ సర్రి ఒంటికాలిమీద లేచినా లాభం లేకపోయింది, మ్యాచ్ పెనాల్టీలలో చేజారింది. ఆ ఒక్కసారి నడక లేకపోవడాన్ని గురించి కూడా నడక గురించి మాట్లాడినంతసేపూ మాట్లాడారు.

అసలు విషయానికి వస్తే, 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ గెలిచింది బెంచి మీదనుంచి వచ్చిన షెరింగ్‌హమ్, సోల్‌షార్ ఇంజురీ టైమ్‌లో, అనగా తొంభై నిమిషాలు ముగిశాక కలిపే అదనపు సమయంలో, కొట్టిన రెండు గోల్స్‌తోనే. కోచ్‌కు ఇంతకుమించిన సమర్థన దొరకదు. అయినా ‘ముందే దింపి ఉంటే ఈ గుండెదడ ఎందుకు’ అన్న మహానుభావుడు ఎక్కడో ఒకచోట ఉండే తీరతాడు.

హైదరాబాద్‌కు ఈ భాగ్యం 2022 మార్చి 20న దక్కింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో, గోవాలోని ఫటోర్డాలో, కేరళ బ్లాస్టర్స్ ముందంజలో ఉండగా, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో దూరం నుంచి కొట్టిన గోల్ హైదరాబాద్ ఎఫ్‌సీని నిలబెట్టింది, పెనాల్టీలలో గోల్‌కీపర్ కట్టిమణి గెలిపించాడు. తవోరాను ముందే దింపి ఉంటే పెనాల్టీల దాకా వచ్చేదా అన్న ప్రశ్న కప్పు ఎత్తకముందే పుట్టి ఉంటుంది. హైదరాబాద్ ఒకనాటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు కూడా. ఆయన శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఆడిన జర్నైల్ సింగ్ తలకు కుట్లు ఉన్నాయి. బెంచి మీదనుంచి కొత్తవాణ్ణి పిలిచే వెసులుబాటు నేటిలా లేని రోజుల్లో రహీం ఆ డిఫెండరునే ముందు వరుసకు పంపగా, అతడు గోల్ కొట్టాడు, భారత్ దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. ఆ మార్పు ఎప్పుడు చేయాల్సిందని అడిగినవారెవరైనా ఉంటే వారి పేరు చరిత్రకెక్కలేదు.

ఆ 2022 గెలుపు చర్చలు ఆగింది ఎవరో సమాధానం చెప్పినందువల్ల కాదు. రెండేళ్ళు తిరక్కుండానే కోచ్ మనోలో మార్క్వెజ్ వెళ్ళిపోయాడు, ఆటగాళ్ళు ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు, 2023–24 సీజన్‌లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. దింపడానికి ఎవరున్నారన్న ప్రశ్న ముందు ఎప్పుడు దింపాలన్న ప్రశ్న నోరు మూసుకుంది. అభిమాని త్వరగా నిద్రపోయాడు, ఇరుగుపొరుగు కూడా హాయిగానే నిద్రపోయి ఉండాలి. 2025లో క్లబ్బు పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. నగరాన్నే బయటికి పిలిచి మరో నగరాన్ని లోపలికి పంపిన ఆ మార్పు అయిదు నిమిషాల ముందు జరగాల్సిందా, తరువాత జరగాల్సిందా అని వాదించడానికి ఇరానీ హోటల్లో ఎవరూ మిగల్లేదు; కుర్చీలు వేళకే బోర్లిస్తున్నారు.