కొర్రన్నం మహిమ

నేను సన్నబడింది వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచి కాదు. కొర్రన్నం తినీ కాదు. ఈ రెండు అబద్ధాలూ సగం హన్మకొండకు చెప్పింది నేనే కనుక వెనక్కి తీసుకునే హక్కు కూడా నాకే ఉంది. అసలు సంగతి ఏమిటంటే, హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో పడుకుని, కడుపు కోయించుకుని, కోసిన ముక్కను అక్కడే వదిలేసి వచ్చాను. అప్పటికి నా బరువు 128 కిలోలు. ఆటోవాళ్లు నన్ను చూసి షేరింగ్ లేదనేవాళ్లు.

దాన్ని స్లీవ్ ఆపరేషన్ అంటారు. కడుపులో ముప్పావు వంతో, అంతకు కాస్త ఎక్కువో తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టి పంపిస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ పోయిన ముక్కలోనేనట. అంటే జాగాతో పాటు ఆకలి కూడా పోయిందన్నమాట. ఆకలి లేని జీవితం ఎంత హాయో అని మొదటి నెల మురిసిపోయాను. ఆకలి లేకపోయినా తినాల్సిందేనని, అదీ లెక్కపెట్టి తినాలని ఆస్పత్రివాళ్లు చెప్పకపోలేదు. చెప్పారు. కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆ కాగితాన్ని నేను జాగ్రత్తగా బీరువాలో పెట్టాను.

ఈ సంగతి దాచడం ఎందుకని మీరు అడగొచ్చు. 2011లో నితిన్ గడ్కరీ బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే పేపర్లలో వచ్చింది. 2014లో ఆర్థిక మంత్రిగా ఉండగా అరుణ్ జైట్లీ చేయించుకుంటే దేశమంతా తెలిసింది. వాళ్లకు లేని సిగ్గు నాకెందుకంటే, వాళ్లకు మా బావ లాంటి బావ లేడు. "నోరు కట్టుకోలేనోడు కడుపు కట్టించుకున్నడు" అని ఆ మనిషి నా దశదినకర్మ భోజనాల్లో కూడా చెప్పి నవ్వించగలడు. అందుకే ఇంట్లో మా ఆవిడకు, మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. అడిగినవాళ్లకు కొర్రలు, చెరువు కట్ట అని చెప్పాను. నెల తిరిగేసరికి కట్ట మీద నా వెనక శిష్యబృందం తయారైంది. గురువుగారు ఏ పూట ఎన్ని కొర్రలు తింటారని అడిగి ఫోన్లలో ఎక్కించుకునేవాళ్లు. గురువుగారు ఆ పూట తిన్నది మూడు చెంచాల పెసరకట్టు.

డైటీషియన్ చెప్పిన లెక్క చిన్నదే. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్. విని నవ్వాను. తెలంగాణ బిడ్డకు ప్రోటీన్ పాఠమా? 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో మాంసం తినేవాళ్ల శాతంలో దేశం మొత్తం మీద మనమే ముందు, 98 శాతానికి పైనే. తలకాయ, బోటి, నల్లి బొక్క, పాయ అని దండకం చదివినట్టు చదివాను. ఆవిడ కూడా నవ్వి, "తినగలిగితే మంచిదే సర్" అంది. ఆ 'తినగలిగితే' అన్న మాట నా చెవికి ఎక్కలేదు.

ఇంటికొచ్చాక లెక్క మొదలైంది. గుడ్డుకు ఆరు గ్రాములు. చిన్న గిన్నెడు పప్పుకు ఆరో ఏడో. అరవై కావాలంటే పప్పు దాదాపు పది గిన్నెలు తినాలి, నా కడుపు పావు గిన్నెకే చేతులెత్తేస్తుంది. పోనీ మాంసం తిందామంటే, ప్రతి ముక్కనూ ఇరవై ముప్పై సార్లు నమలాలి. తినేటప్పుడు మంచినీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట దాకా తాగొద్దు. ముందు గుడ్డో మాంసమో, తర్వాత కూర, జాగా మిగిలితే అన్నం. నాకు అన్నం పలకరింపుకు కూడా మిగల్లేదు. ముందు గదిలో కూర్చుని బర్రె నెమరేసినట్టు పొద్దంతా నములుతూనే ఉండేవాణ్ణి, రాత్రికి కూడితే ముప్పై గ్రాములు దాటేది కాదు.

పౌడర్ తాగొచ్చు కదా అంటారేమో. తెచ్చాను. డబ్బా మీద కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ చూసి తెచ్చాను, పావు కడుపు మనిషిని నేను. ఒక చెంచాకు 24 గ్రాములని రాసి ఉంది. వేడి వేడి పాలలో కలిపితే మంచిదనిపించి కలిపాను. అది పాలలో కలవకుండా ఉండలు కట్టి, గిన్నెలో రబ్బరు బంతుల్లా తేలింది. మర్నాడు చాయ్‌లో వేశాను. అది తాగిన మా అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. చల్లటి నీళ్లలో కలపాలని డబ్బా మీదే రాసి ఉందట. కుర్రాడి బొమ్మను చూసిన మనిషికి అక్షరాలు కనబడతాయా?

ఇక్కడ మీకు మాత్రమే ఒక రహస్యం చెప్తాను. చికెన్ ముక్కకు తలుపు మూసే ఆ కడుపు, మురుకులకు మాత్రం గేటు బార్లా తీస్తుంది. కరకరలాడేది ఏదైనా నోట్లో పిండిలా నలిగి సులువుగా జారిపోతుంది. మిక్చర్, బిస్కట్, ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా, ఒక్కటీ అడ్డం పడదు. ప్రోటీన్ కోసం గంట కష్టపడి ఓడిపోయినవాడికి ఇంత మర్యాదగా దిగిపోయే తిండి దొరికితే ఏం చేస్తాడు? మీరైతే ఏం చేసేవాళ్లు? అయినా బరువు తగ్గుతూనే ఉంది. తూకం యంత్రం నన్ను మెచ్చుకుంటుంటే డైటీషియన్ మాట ఎవరికి కావాలి?

మూడో నెలలో మా మేనకోడలి పెళ్లి వచ్చింది. హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాలు, బగారా అన్నం, మటన్. నేను మూల టేబుల్ చూసుకుని, ప్లేటులో ఒకే ఒక్క ముక్క వేయించుకుని కూర్చున్నాను. బావ పసిగట్టాడు. "ఏందిరా బామ్మర్దీ, మా ఇంటి దావత్‌ల ఒక్క ముక్కనా? గిదన్న తినురా" అని గంటె తిరగేశాడు. అంతలో ఎవరో కొర్రల సంగతి ఎత్తారు. ఎత్తకపోయినా నేనే ఎత్తేవాణ్ణేమో. చుట్టూ పదిమంది చేరారు, నేను ఒక చేత్తో ముక్క పట్టుకుని ఉపన్యాసం అందుకున్నాను, కొర్రల్లో పీచు గురించి చెప్తూ ముక్క నోట్లో పెట్టుకున్నాను, నమలాల్సిన నోరు మాట్లాడుతోంది, మాట్లాడే నోరు మింగేసింది, ముక్క దిగి దిగి గుండెకాయ వెనకాల ఎక్కడో బండరాయిలా కూర్చుంది, నోట్లో లాలాజలం ఊరుతోంది, నురగ వస్తోంది, నీళ్లు తాగితే ఇంకా పైకి తంతోంది, రుమాలు అడ్డం పెట్టుకుని లేచి పరిగెత్తాను, ఎదురుగా వీడియోవాడు, వాడి కెమెరాకు వైరు, వైరు చివర స్టేజీ పక్కన పెద్ద తెర, ఆ తెర మీద పెళ్లికూతురు ఉండాల్సిన చోట నేను, కళ్లు తేలేసి, బుగ్గలు పూరించి. మా అక్క ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వెంటపడింది. "గింత సన్నగైతే దిష్టి తగలదా, ఆగురా" అంటోంది. వాష్‌బేసిన్ దగ్గర బావ నా వీపు మీద గుద్దుతున్నాడు. ముక్క బయటికి వచ్చింది. పరువు ఒక్కటే లోపలికి పోయింది.

ఆ రోజు నా ప్రోటీన్ సున్నా. డైరీలో 72 అని రాసుకున్నాను.

అవును, డైరీ సంగతి చెప్పలేదు కదా. తిన్నదల్లా రాసి తెమ్మంది డైటీషియన్. నాకు అబద్ధం కూడా శాస్త్రీయంగా ఆడాలని పట్టుదల. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధనగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. వాళ్లు 2017లో మన తిండి పదార్థాలెన్నిటికో పోషక పట్టికలు వేశారు. వందేళ్ల ఆ శ్రమనంతా నేను దొంగలెక్కలు రాయడానికి వాడాను. పల్లీలు 100 గ్రాములకు దాదాపు 24 గ్రాముల ప్రోటీన్, గుడ్లకు ఇంత, పెరుగుకు ఇంత అని కూడి, రోజుకు సరిగ్గా 72 వచ్చేలా దిద్దేవాణ్ణి.

బతుకమ్మ పండుగ నాటికి దువ్వెన నిండా వెంట్రుకలు రావడం మొదలైంది. షాంపూ మార్చాను. అదీ నా వైద్యం. సద్దుల బతుకమ్మ నాడు మా ఇంటి బతుకమ్మను పద్మాక్షి గుండం దాకా నేనే ఎత్తుకొస్తానని బయల్దేరాను. సన్నబడ్డ మనిషి తెల్ల లాల్చీలో తంగేడు, గునుగు పూల గోపురం నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే వాడకట్టంతా చూడాలని నా కోరిక. చూసింది. వీధి మలుపు తిరక్కముందే నా చేతులు వణకడం, మోకాళ్లు సహకరించకపోవడం, ఇంటర్ చదివే మా అన్న కూతురు వచ్చి "ఇటియ్యి బాబాయ్" అని బతుకమ్మను అలవోకగా అందుకోవడం అన్నీ చూసింది. తినే తిండిలో ప్రోటీన్ చాలకపోతే ఒళ్లు కండను కరిగించి వాడుకుంటుందట. యంత్రం కిలోలే చూపిస్తుంది, పోయింది కొవ్వో కండో చెప్పదు. నేను పండుగ చేసుకున్న కిలోల్లో నా భుజాలు కూడా ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆ దుఃఖంలో పల్లీల సత్తు పిడికెళ్లతో తిన్నాను. ప్రోటీనే కదా అని. అందులో సగం చక్కెర.

తర్వాతి వారం డైటీషియన్ నా డైరీ తిరగేసింది. "బంగారం ధర కూడా రోజూ మారుతుంది సర్, మీ ప్రోటీన్ మారదా?" అంది. తర్వాత పిడికిలి బలం కొలిచే పరికరం చేతికిచ్చి నొక్కమంది. నొక్కాను. ముల్లు ఏదో మొహమాటానికి కదిలింది. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే కోపం తెచ్చుకుని బయటపడేవాణ్ణి.

బస్సు దిగి నేరుగా అక్కవాళ్లింటికి వెళ్లాను, బావకు నిజం చెప్పేద్దామని. ఆపరేషన్ అనే మాట పూర్తి కాకముందే బావ చాయ్ కప్పు కింద పెట్టి, "తెలుసురా" అన్నాడు. ఎప్పటి నుంచి? నేను ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు నుంచి. అక్కకు తెలుసు, కట్ట మీది శిష్యుల్లో సగం మందికి తెలుసు, మా ఇంటికి పాలు పోసే ఆయనకూ తెలుసు. దావత్ నాడు గంటె తిరగేసింది, అప్పుడన్నా నోరు విప్పుతానేమోనని. ఇంటికెళ్లి అమ్మను నిలదీస్తే, "ఎవ్వలకు చెప్పకుండ్రి అనే చెప్పిన కొడుకా" అంది.

ఇంతకీ ఏమీ తెలియక నిజంగా కొర్రలు తిన్నది మిగతా సగం శిష్యులు. వాళ్లలో కొందరు తగ్గారు కూడా. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు మా ఇంట్లో ముక్కల కూర బంద్. అమ్మ ఖీమాను మెత్తగా, రసం ఉండేలా ఉడికిస్తుంది, అది అడ్డం పడకుండా దిగుతుంది. గుడ్డు పొరటు, పెరుగు, చల్లటి నీళ్లలో ఆ పౌడర్. పూటకు కొంచెం, రోజుకు ఆరు పూటలు. నిన్న కూడితే 48 వచ్చింది. 48 అనే రాశాను. 50 వేస్తే చూడ్డానికి బాగుంటుందని కలం ఒక నిమిషం ఆగింది కానీ, వేయలేదు. ఆ నిజాయితీకి నాకే ముచ్చటేసి, డైరీ మా ఆవిడకు కనబడేలా బల్ల మీద తెరిచి పెట్టాను. సంక్రాంతి డబ్బా మూత బిగిస్తూ ఆవిడ ఒకసారి చదివింది.

"గా సకినాలు ఏ పేజీల రాసిన్రు?" అంది.