బార్జేశ్వరరావుగారి నిర్మాణ పర్వం

ఇంగ్లండులో కాలవ గట్టున పడవలు బాగుచేసే యార్డు ఏదైనా సరే, వెళ్లి చూడండి, ఏదో ఒక మూల ఒక బార్జేశ్వరరావు తగులుతాడు. అసలు పేరు కీతో, బ్రయనో అయి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఆ జాతి మొత్తానికీ కలిపి ఈ పేరు ఖాయం చేసుకున్నాం. వయసు అరవై దాటి ఉంటుంది. ఏ ఫ్యాక్టరీలోనో, రైల్వేలోనో ఇంజనీరుగా చేసి రిటైరై ఉంటాడు. చెవి మీద పెన్సిలు, నడుముకి కొలతల టేపు, నుదుటి మీద కళ్లజోడు. ఆ కళ్లజోడు కోసం రోజుకోసారి యార్డులో అందరిచేతా వెతికిస్తాడు.

మనం భోజనానికి పిలిస్తే వస్తాడు. వచ్చాక సోఫాలో కూర్చోడు, ముందు దాన్ని కొలుస్తాడు. "దీని కింద నాలుగు బ్యాటరీలు పడతాయి, ఊరికే ఖాళీగా ఉంచారు" అని నొచ్చుకుంటాడు. మా ఆవిడ చేసిన పులిహోర గురించి ఒక్క ముక్క అనలేదు గానీ, అది తెచ్చిన స్టీలు డబ్బా మూత బిగువు చూసి మురిసిపోయాడు. పడవ ఎంత ఒరిగినా ఊడదట. ఇంటావిడ వంటకి ఇంతకన్నా గొప్ప మెప్పు ఆయన నోట రాదని అప్పుడే తెలిసింది.

ఆయన కట్టుకుంటున్నది ఇల్లులాంటి బార్జి. కాలవల మీద కాపురానికి తయారు పడవలు దొరక్కపోలేదు. బొగ్గు మోసుకొచ్చిన రోజుల్లో తవ్విన సన్న కాలవల్లో లాకుల వెడల్పు ఏడడుగులు, దానికి తగ్గట్టు పడవ వెడల్పు ఆరడుగుల పది అంగుళాలు. పొడవు మాత్రం డెబ్భై అడుగుల దాకా పోవచ్చు. వీటిని నేరో బోట్లంటారు. "అది కాపురమా? నడవాలో నిలబడి ముసలితనం గడపడం" అంటాడు బార్జేశ్వరరావు. అందుకని డచ్చి వాళ్ల బార్జి వాటంలో, యాభై ఏడడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పుతో సొంతంగా గీసి చేయించుకున్నాడు.

యాభై ఏడే ఎందుకని అడిగితే ఆయన ముఖం వెలిగిపోతుంది. ఈ దేశంలో కొన్ని లాకులు పొట్టివి. యాభై ఏడడుగుల పడవైతే దాదాపు అన్నింటిలోనూ పడుతుంది, కాలవల దేశమంతా మనదే అని గోడ మీది పటం నిండా వేలు తిప్పి చూపిస్తాడు. అక్కడితో ఊరుకుంటే మర్యాద. "మరి పన్నెండడుగుల వెడల్పు?" అని అడిగారో, పటం మడత పడుతుంది. బర్మింగ్‌హాం నడిబొడ్డు కాలవలన్నీ సన్నవే. లెస్టర్ వైపు పోదామంటే వాట్‌ఫర్డ్, ఫాక్స్‌టన్ మెట్ల లాకులు ఏడడుగులవే. ఉత్తరాదిన వెడల్పు కాలవలు ఉన్నాయి గానీ, అక్కడికి చేరాలంటే పడవ లారీ అన్నా ఎక్కాలి, సముద్రంలోకన్నా దిగాలి. దేశమంతా తిరగగల పొడవునీ, తిరగలేని వెడల్పునీ ఒక్క పడవలో కూర్చిన ఘనత ఆయనది. గ్రాండ్ యూనియన్ కాలవ లాకులు పద్నాలుగు అడుగులవి కాబట్టి, దాని మీదుగా లండన్ దాకా, అక్కణ్ణుంచి థేమ్స్ మీద ఆక్స్‌ఫర్డ్ దాకా దారుంది. "మనిషికి అంతకన్నా ఏం కావాలి?" అని అడుగుతాడు. అడిగింది మనల్ని కాదు, భార్యని.

ఉక్కు డొల్ల లారీ మీద వచ్చింది. అడుగు రేకు పది మిల్లీమీటర్లు, పక్కలు ఆరు, పైకప్పు నాలుగు. అంత వెడల్పు సరుకు రోడ్డు మీదికి తేవాలంటే పోలీసులకి ముందుగా కబురు పెట్టాలి. ఆ కాగితం నకలు ఆయన ఇప్పటికీ పర్సులో మనవల ఫోటో పక్కనే పెట్టుకున్నాడు. క్రేను దాన్ని ఎత్తి, కాలవకి కూతవేటు దూరంలో రైలు దుంగల మీద దించింది. వచ్చే వసంతానికి నీళ్లలో ఉంటుందని ఆ రోజే ప్రకటించాడు. ఏ సంవత్సరం వసంతమో చెప్పలేదు గనక మాట తప్పాడని ఎవరూ అనలేరు.

డొల్ల అంటే నిజంగా డొల్లే. అందులో ఇల్లు దింపాలి. లోపలి గోడలకి నురుగు కొట్టించాడు. ఉక్కు చల్లబడితే మనుషుల ఊపిరే నీళ్లై గోడల మీద కారుతుంది. నురుగు గట్టిపడి రేకుని అంటుకుంటే ఆ బాధ తగ్గుతుంది. దానికన్నా ముందు అడుగున బరువు పేర్చాలి. ఖాళీ డొల్ల తేలికై పైకి తేలిపోతుంది, పంకా సరిగ్గా మునగదు, మనిషి ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిస్తే ఒరుగుతుంది. ఇటుకలో, పలకరాళ్లో పరచడం ఆనవాయితీ. పలకరాళ్లు కొనడానికి ఆయనకి చేతులు రాలేదు. భార్య పుట్టింటికి వెళ్లొచ్చేసరికి, పెరటి తోటలో గులాబీల మధ్య ఉండే నడక దారి లేదు. ఆవిడ ఇప్పుడు బురదలో నడిచి బట్టలు ఆరేసుకుంటుంది. "దారి ఎక్కడికీ పోలేదు, మనతోనే వస్తోంది" అన్నాడట.

వడ్రంగం మొదలయ్యాక అసలు తపస్సు. పడవలో రసమట్టం పనికిరాదు. నేల మీద ఉన్నంతకాలం దుంగలు ఎటు వాలితే పడవ అటు వాలుతుంది. నీళ్లలోకి దిగాక, ముందు భాగంలో ఉన్న నీళ్ల ట్యాంకు నిండితే ముక్కు దిగుతుంది, ఖాళీ అయితే లేస్తుంది. కాబట్టి పడవ లోపలి నేలనే నమ్ముకుని, మూలమట్టం పెట్టి, అక్కణ్ణుంచి పైకి రావాలి. పైకి వస్తే గోడలు నిటారుగా ఉండవు, కప్పుకేసి లోపలికి వాలి ఉంటాయి. తిన్నగా కోసిన చెక్క ఏదీ అక్కడ అతకదు. ఒకసారి నేను వెళ్లేసరికి టీ కప్పుల కోసం ఒక మూల అర బిగిస్తున్నాడు. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టె చింపి, మూలకి ఆనించి, పెన్సిలుతో వంపు గీసి, కత్తిరించి, మళ్లీ ఆనించి, ఒక నూలు పోగంత వెలుతురు కనపడితే తల అడ్డంగా ఊపి, ఇంకో అట్ట చింపాడు. నేలంతా అట్టల కోడిపుంజు బొమ్మలే. చివరికి ఓక్ చెక్క కోసి పెడితే, వెంట్రుక దూరే సందు లేకుండా కూర్చుంది. చేత్తో నిమిరి చూశాను. మా ఇంట్లో పెద్ద కంపెనీ చేసిన వంటగదికి అంత నాణ్యం లేదు. కప్పు పెట్టి చూద్దామన్నాను. కప్పులన్నీ ఇంటి దగ్గర ఉన్నాయన్నాడు.

మరుగుదొడ్డి సంగతి ఎత్తకుండా ఈ మనిషి చిత్రం పూర్తి కాదు. పడవల వాళ్లలో దీని మీద మూడు మతాలున్నాయి, వాటి మధ్య జరిగే వాదాల ముందు శైవ వైష్ణవ వివాదాలు దిగదుడుపు. ఒక మతం వాళ్లది క్యాసెట్టు: నిండిన పెట్టెని సూట్‌కేసులా మోసుకెళ్లి, గట్టు మీద కేటాయించిన చోట పారబోసి రావాలి. రెండో మతం వాళ్లది పెద్ద ట్యాంకు: నిండాక పంపు ఉన్న చోటికి పడవనే తీసుకెళ్లి డబ్బిచ్చి తోడించుకోవాలి, చలికాలంలో కాలవ గడ్డకట్టి పడవ కదలకపోతే ఇంటిల్లిపాదీ దేవుణ్ణి తలుచుకోవాలి. మూడో మతం వాళ్లు ద్రవాన్నీ ఘనాన్నీ వేరుచేసి, ఘనాన్ని ఎరువు చేద్దామంటారు. ఆ ఎరువు పండేదాకా ఎక్కడ దాచాలన్నది మాత్రం మెల్లిగా చెబుతారు. బార్జేశ్వరరావు మూడు పక్షాలూ విని, ఏ పక్షాన్నీ నొప్పించలేక, మూడింటికీ గొట్టాలు వేసి, మూడింటికీ చోటు వదిలాడు. అవి పోగా పడగ్గదిలో మిగిలింది ఒక మంచమూ, ఒక పక్కకి తిరిగి నడిచే మనిషీ. భార్య కోరింది స్నానాల తొట్టి ఒక్కటే. అది ప్లానులో ఉంది.

వీల్‌హౌస్, అంటే నిలబడి పడవ నడిపే గది, దాని కథ ఇంకా బాగుంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఓస్నీ వంతెన దగ్గర నీటికీ వంతెనకీ మధ్య ఏడున్నర అడుగులే. అందుకని వీల్‌హౌస్ గోడలు మడతపడేలా బందులు వేశాడు. వంతెన దగ్గరపడ్డాక తడబడకూడదని స్టాప్‌వాచీ పట్టుకుని దుంగల మీదే అభ్యాసం చేస్తుంటాడు. కప్పు విప్పిన క్షణాన ఇంగ్లండు ఆకాశం తన పని తాను చేస్తుంది. పడవ ఇంకా నీళ్లు ఎరగదు గానీ, ఆయన మాత్రం నిలువెల్లా తడిసి ఉంటాడు.

ఇంజను కూడా అంతే. కొత్త డీజిలు ఇంజను పెడితే మీట నొక్కి పోవచ్చు. ఈయనకి పాతకాలపు గార్డ్‌నర్ కావాలి, దాని డబ్‌డబ్ చప్పుడు వినపడాలి. దాన్ని ముక్కలుగా విప్పి ఇంటి గ్యారేజీలో పాత దుప్పట్ల మీద పరిచాడు. కారు వానలో తడుస్తుంది. ఇంత చేసి, కాలవ మీద వేగ పరిమితి గంటకి నాలుగు మైళ్లు. గట్టు మీద కుక్కని నడిపించుకుంటూ పోయే ముసలావిడ దాటేసి పోతుంది.

భార్యని ఉత్సాహపరచడానికి ఆయన దగ్గరున్న ఏకైక పురాణం రోల్ట్ చరిత్ర. ఎల్.టి.సి. రోల్ట్ కూడా ఇంజనీరే. 1939లో బాన్‌బరీ యార్డులో క్రెస్సీ అనే పాత పడవని కాపురానికి తగ్గట్టు దిద్దుకుని, పెళ్లి చేసుకుని, కొత్త పెళ్లికూతురుతో కాలవల మీద పడ్డాడు. ఆ అనుభవాలతో 1944లో వచ్చిన 'నేరో బోట్' పుస్తకం జనాన్ని కదిలించింది. 1946లో కాలవల రక్షణకి పుట్టిన ఇన్‌ల్యాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ స్థాపకుల్లో ఆయన ఒకడు. పాడుబడుతున్న కాలవలు బతికి బట్టకట్టాయంటే ఆ ఉద్యమం చలవ చాలా ఉంది. ఈ కథంతా మా ముందు భక్తిగా చెప్పి, "చూశావా, పెళ్లయిన వెంటనే భార్యని పడవెక్కించాడు" అని ఆవిడ వైపు తిరిగాడు.

"ఎక్కించాడు కదా" అంది ఆవిడ అల్లిక మీంచి తల ఎత్తకుండానే. ఒక వరస అల్లాక, "కొన్నేళ్లకి ఆవిడ దిగిపోయి సర్కస్‌లో చేరింది. అది కూడా చెప్పు" అంది.

అది కూడా నిజమే.

మాట మారుద్దామని నేను మా గోదావరి సంగతి ఎత్తాను. మీ దేశస్థుడే, ఆర్థర్ కాటన్ అని, 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేయించాడు, ఆ కాలవలు పొలాలకే కాదు, పడవలకి కూడా. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు పోయేవి. ఆయన విగ్రహాలకి మా వాళ్లు దండలు వేస్తారు అని ఎంతో ఆర్ద్రంగా చెప్పుకొచ్చాను. బార్జేశ్వరరావు కళ్లు చెమర్చుతాయేమో అనుకున్నాను. పెన్సిలు చేతిలోకి వచ్చింది. "లాకు వెడల్పెంత?" అన్నాడు.

ఇంత వేళాకోళం చేశాక ఒక మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. లండన్‌లో అద్దెలు కట్టలేక పడవల్లోకి చేరుతున్న కుర్రకారు చాలామంది ఉన్నారు. పడవ కొనడమే తెలుసు, తక్కిన ఓనమాలు రావు. ఆ యార్డుకి వచ్చే అలాంటివాళ్లందరికీ దిక్కు ఈయనే. వంటగ్యాసు గాలికన్నా బరువు, ఇంట్లో లీకైతే ఏ తలుపు సందులోంచో పోతుంది, పడవలో అడుక్కి దిగి నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంటుంది అని వాళ్లకి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నవ్వుండదు. సిలిండరు పెట్టే అరకి బయటికి పోయే రంధ్రం ఉందో లేదో స్వయంగా వేలు పెట్టి చూస్తాడు. నాలుగేళ్లకోసారి తీసుకోవాల్సిన భద్రతా సర్టిఫికెట్టు గడువు వాళ్లకన్నా ఆయనకే గుర్తుంటుంది. పంకా ఇరుసు దగ్గర నీళ్లు కారుతున్నాయని అర్ధరాత్రి ఫోను చేస్తే పైజామా మీద కోటు వేసుకుని వెళ్తాడు. పడవ అడుగుకి రెండు మూడేళ్లకోసారి తారు పూయాల్సి వచ్చినప్పుడు, బ్రష్షు పట్టుకుని వెల్లకిలా దూరేది కూడా ఆయనే. మంచి నీటి కాలవలో మెగ్నీషియం దిమ్మ బిగించాలి, జింకు కాదు. ఆ మెగ్నీషియం తాను కరిగి పడవ ఉక్కుని తుప్పు నుంచి కాస్తుంది. ఈ ముక్క ఆయన చెప్పబట్టి ఎన్ని పడవలు చిల్లులు పడకుండా ఉన్నాయో. ఆ కాలవ మీద ఇవాళ తేలుతున్నవాటిలో ఆయన చెయ్యి తగలని పడవ తక్కువ. ఆయన పడవ ఎందుకు తేలడం లేదన్న ప్రశ్నకి జవాబు చాలావరకు అదే.

కాబట్టి, ఇంగ్లండులో ఉన్న మనవాళ్లలో ఎవరికైనా పడవ కొనే ఆలోచన ఉంటే, డొల్ల ధర చూసి సంబరపడి బయానా ఇచ్చేయకండి. ఖర్చంతా దాని లోపల ఉంటుంది. ముందు దగ్గర్లో ఉన్న యార్డుకి వెళ్లి, బిస్కెట్ల పొట్లంతో బార్జేశ్వరరావుని కలవండి. గ్యాసు గురించీ, వైరింగు గురించీ, తుప్పు గురించీ ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మరుగుదొడ్డి గురించి చెప్పినదాంట్లో మూడో వంతు మాత్రమే పట్టించుకోండి. వెడల్పు ఎంతుండాలన్నది మాత్రం వాళ్లావిడని అడగండి.