మందు చీటీ సీటు కిందే!

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాడు ఊరెళ్లిపోతూ అమ్మేసిన బండి. ఆరేళ్లలో 6 వేల కిలోమీటర్లే (మీటరు నిజమే చెబుతోందనుకుందాం). ఆయిల్ ఏది పోయాలని కొన్నాయన రాంనగర్‌లో నోరు జారాడు. అంతే! చేపల మార్కెట్ దగ్గర మెకానిక్కు, "20డబ్ల్యూ-50 పోద్దాం అన్నా, చిక్కగుంటది" అన్నాడు, పులుసు సంగతి చెప్పినట్టు. కొన్నాయన బావమరిది తన కారుకు పోయగా మిగిలిన ఖరీదైన ఆయిల్ డబ్బా పట్టుకొచ్చాడు. రాపిడి తగ్గించే ఆ ఆయిల్‌తో బైకు క్లచ్ జారొచ్చన్న చింత ఎవరికీ లేదు. డిప్‌స్టిక్ తీస్తే కాటుక! బండి తిరక్కపోయినా ఆయిల్‌కు వయసొస్తుంది మహాప్రభో. సీటు కింద, కవరైనా విప్పని కంపెనీ పుస్తకం. అందులో ఒకే ముక్క: 10డబ్ల్యూ-30, బైకు క్లచ్‌కు సరిపడే జాసో ఎంఏ రకం.