ఉప్పల్ స్థానాపతి

మధుర నాయకుల కొలువులో 1600 ప్రాంతాన ఎవరో పేరు చెప్పుకోని ఒక పెద్దమనిషి ‘రాయవాచకము’ రాశాడు. కాలం తేల్చింది ఫిలిప్ వాగనర్ అనే పరిశోధకుడు. విజయనగరంలో మకాం ఉన్న స్థానాపతి, అంటే రాయబారి, కృష్ణదేవరాయల కొలువు సంగతులు తన ఏలిక విశ్వనాథ నాయకుడికి విన్నవించుకుంటున్నట్టు నడుస్తుంది కథ. చిక్కల్లా, రాయలు పోయి అప్పటికి డెబ్బై ఏళ్లు. నగరం 1565 యుద్ధం దెబ్బకే పాడుబడింది. కబురు మాత్రం నిన్నటిదన్నంత తాజాగా ఉంది.

ఆ స్థానాపతి సంతతికి ఢోకా లేదు. హైదరాబాద్ ఉప్పల్ రింగ్ రోడ్డులో తలెత్తి చూడండి. పదవి డివిజన్ నాయకుడి కుడిభుజం, తాటాకు స్థానంలో ఫ్లెక్సీ. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. స్తంభాలు లేచాక ఏళ్లూపూళ్లూ గడిచాయి, వరంగల్ బస్సులు మాత్రం ఆ స్తంభాల కిందే దుమ్ములో దేకాయి. మనవాడి ఫ్లెక్సీలో వారధి ఏనాడో పూర్తయింది, దాని మీద కార్లు కూడా పోతున్నాయి! పాడుబడ్డ ఊరిని వైభవంగా చూపినవాడు పాతకాలపు స్థానాపతి. కట్టని వంతెన ఎక్కించేవాడు మనవాడు.

కుందేలు కుక్కల్ని తరిమిన చోట విజయనగర పట్నం కట్టమన్నారని రాయవాచకం చెబుతుంది. ఉప్పల్‌లో రాత్రి పది దాటితే కుక్కలే బైకుల్ని తరుముతాయి. ఆ శకునం లెక్కన ఇక్కడ ఇల్లు కూడా కట్టకూడదు. అయినా గజం ధర అడిగి చూడండి.

పక్కనే నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో ఉంది. సినిమా కోట అట్టదని లైట్‌బాయ్‌కీ తెలుసు, షూటింగ్ కాగానే విప్పేస్తారు. మా చుట్టుపక్కల నిజాయితీగా నడిచిన రాజ్యం సినిమాదొక్కటే. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్లూ ఉన్నారు. నేలను అంగుళం తేడా రాకుండా కొలుస్తారు కాబట్టి ఫ్లెక్సీలకు పనికిరారు.

పాతాయన తన పేరైనా రాసుకోలేదు. కొత్తాయన ప్రింటింగ్ షాపులో నిలబడి బేరమాడుతున్నాడు:

“అన్నా, సార్ పక్కన నా ఫొటో జర పెద్దగ వెయ్యి.”

“జాగ లేదన్నా. ఫ్లైఓవర్ బొమ్మ అడ్డమొస్తాంది.”

“గది తీసెయ్యి మరి.”